గీకేసిన నీలం

అది కాదక్కా, నీ కూతురు మూడుసార్లు సున్నం కొట్టించింది. మూడుసార్లూ తడి మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. చూడు, సరిగ్గా నా భుజం ఎత్తున. దానికి కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు. సున్నం వేసేవాడు నన్నే అడిగాడు, ఈసారి ఏ రంగు వేయమంటారమ్మా అని. ముప్ఫై ఏళ్ళు రంగులు వేసి బతికినదాన్ని, నీ ఇష్టం అనేశాను.

కూర్చుంటానుండు. కుర్చీలు కూడా లేవు, అన్నీ బయట పారేశారు. ఈ కిటికీ గట్టు చాలు నాకు.

నాలుగింటికి నీ కూతురు వస్తుంది, నన్ను విచారణాధికారి దగ్గరికి తీసుకెళ్ళడానికి. ఈ కాలనీ ఉన్నచోట ఒకప్పుడు చెరువు ఉండేదా లేదా, అది తేల్చడానికి ఆయన్ని వేశారు. నువ్వు ఈ గదిలో మునిగిపోయి నాలుగు నెలలైంది. వాళ్ళింకా నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతుకుతున్నారు.

మా ప్లానింగు ఆఫీసు వాళ్ళేం చెప్పారో తెలుసా? మా మ్యాపులో ఇది మొదట్నుంచీ పసుపే, ఇళ్ళ స్థలమే, చెరువన్నది లేనే లేదు అని. మ్యాపు కూడా చూపించారట. ఎందుకు చూపించరు? నా చేత్తో చేసిందే కదా.

నీకు మా ట్రేసింగు గది ఎప్పుడూ చూపించలేదు. చూడ్డానికేముంది. ఆరుగురు ఆడవాళ్ళం, ఆరు అద్దం బల్లలు, అద్దం కింద లైటు. గీతలు మావి, రంగులు మావి, మెడనొప్పులు మావి. కింద మూలన సంతకం మాత్రం హెడ్డుది. ఆయన వేలికి ఇంకు అంటగా చూసినవాళ్ళు లేరు. ఇళ్ళకి పసుపు, బజారుకి ఎరుపు, ఫ్యాక్టరీలకి ఊదా, నీళ్ళకి నీలం. తప్పు పడితే చెరపడం కుదరదు, సగం బ్లేడుతో గీకాలి. షీటు చిరక్కూడదు, పైన రంగు పొర ఒక్కటే లేవాలి. ఆ పని నాకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. హెడ్డు నన్ను మెచ్చుకున్నది కూడా ఆ ఒక్కదానికే. ఈవిడ గీకితే అక్కడ గీత ఉండేదని దాని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు అనేవాడు.

ఒకరోజు ఆయనే ఒక చీటీ తెచ్చాడు. ఫలానా చోట నీలం తీసేసి పసుపు వేయాలి. ఏం సార్ అంటే, కొత్తగా కొలిచారు, నీళ్ళు లేవన్నాడు. ఎప్పుడు కొలిచారు సార్ అంటే, మండుటెండల్లో. ఎండాకాలంలో నీళ్ళు లేవు కాబట్టి చెరువు లేదు. ఆ లెక్కన ఆదివారం పూట మన ఆఫీసు కూడా లేదు కదా సార్ అన్నాను. గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వి, సాయంత్రంలోగా ఇచ్చేయమన్నాడు.

అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు పెట్టారక్కా, పెట్టకపోలేదు. నెల రోజులు ఉంచారు. స్టోరు గది తలుపుకి, లోపలివైపు. దాన్ని రోజూ చూసింది ఊడ్చే ఆవిడ ఒక్కతే, ఆవిడకి చదువు రాదు. చెరువు ఒడ్డున గడ్డి కోసుకునే ఆడవాళ్ళూ, బట్టలుతికేవాళ్ళూ వచ్చి అభ్యంతరం చెబుతారా? ఏ కాగితం ఉందని చెబుతారు? ఎవరి పేరునా లేని నేల అది, అందుకే అందరూ వాడుకున్నారు. ఎవరి పేరునా లేనిదాన్ని లాక్కోవడం ఎంత తేలికో నీకు నేను చెప్పాలా.

గీకాను. సాయంత్రం దాకా కూడా పట్టలేదు. చెరువు మొత్తం నీలం పొడిగా నా ఒళ్ళో రాలింది. దులుపుకుని లేచాను.

కానీ గీకినచోట షీటు కాస్త గరుకవుతుంది. దానిమీద మళ్ళీ రంగు వేస్తే, చుట్టూ ఉన్నదానికంటే ఒక్క పిసరు ముదురుగా కూర్చుంటుంది. మామూలు కంటికి ఆనదు. నాకు ఆనుతుంది. చెవిలాంటి ఆకారం, కింద తమ్మె కొంచెం సాగి. అప్పట్నుంచీ ఎక్కడ పడితే అక్కడ అదే. గచ్చు మీద నీళ్ళు ఒలికితే అదే. దుప్పటి తడిస్తే అదే. పిచ్చెక్కుతోందేమో అని మా ఆయనతో అంటే, కళ్ళద్దాలు మార్చుకో అన్నాడు.

ఇక మనింటి సంగతి. బావగారు పోయాక మూడేళ్ళు మాతోనే ఉన్నావు. రెండు గదులు, ఒక వంటిల్లు. మామగారి తర్వాత ఇద్దరు కొడుకులది ఆ ఇల్లు. బావగారి సగం నీదీ, నీ కూతురిదీ. నీ మరిది ఏమన్నాడు? ఇల్లు ముక్కలు చేయడమెందుకు, వదినకి డబ్బిచ్చేద్దాం, ఎక్కడైనా స్థలం చూసుకుంటుంది అన్నాడు. నీకు వెళ్ళాలని లేదు. నాకు తెలుసు. రెండు నెలలు సంతకం పెట్టకుండా నాన్చావు.

తర్వాత ఒకరోజు ప్లాట్ల కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చావు. నేను టీ వడకడుతున్నాను.

"నువ్వా ఆఫీసులోనే ఉంటావు కదే, ఈ స్థలం మంచిదేనా? నువ్వు మంచిదంటే సంతకం పెడతాను. లేదంటే ఇక్కడే పడుంటాను" అన్నావు.

కాగితం చూశాను. చెవి తమ్మె దగ్గర, అన్నిటికంటే పల్లంలో నీ ప్లాటు.

"పసుపే అక్కా. నేనే రంగేశాను" అన్నాను. అని నీకు టీ ఇచ్చాను.

నిన్న మేడ మీది టైలరమ్మ చెప్పింది. ఆ పొద్దున నీళ్ళు నీ గుమ్మం దాటగానే, పైకి వచ్చేయమని మెట్ల మీద నిలబడి మూడుసార్లు పిలిచిందట. నువ్వు తలుపు కింద గుడ్డలు కుక్కుతూ, "వాన నీళ్ళేనమ్మా, అవే పోతాయి. ఇక్కడ చెరువేమీ లేదు, మా చెల్లెలే తన చేత్తో రంగేసింది" అన్నావట. ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగాయట. తలుపేమో బయటికి తెరుచుకునేది. బయట అంత నీరు నిలబడితే ఎలా తెరుస్తావు?

నా మాటని అంతగా నమ్మినవాళ్ళు ఇంకెవరూ లేరక్కా. కట్టుకున్నవాడు కూడా నమ్మలేదు.

ఇవాళ అధికారికి అంతా చెప్పేస్తాను. చీటీ సంగతీ, బ్లేడు సంగతీ. ఆ షీటుని లైటు మీద పెట్టమని, ఎక్కడ గీకానో వేలు పెట్టి చూపిస్తాను. పింఛను ఆపితే ఆపుకోనీ. ఉద్యోగం పోతుందని భయపడి గీకానంటాను. అది నిజమే.

నీతో వంటింట్లో అన్న మాట మాత్రం భయంతో అన్నది కాదు.

నాకు వంటిల్లు కావాల్సొచ్చింది. నేను పెట్టిన గరిటె తీసి వేరేచోట పెట్టేదానివి. నా కూర రుచి చూసి, పల్లెత్తు మాట అనకుండా ఇంకాస్త ఉప్పు వేసేదానివి. అంతే. ఇంకేమీ లేదు. మగాళ్ళు ఇల్లంతా పంచుకుంటే మనిద్దరికీ పొయ్యి దగ్గర నాలుగడుగుల జాగా మిగిలింది. ఆ నాలుగడుగుల కోసం నిన్ను చెరువులోకి పంపాను. ఇప్పుడు వంటిల్లంతా నాదే. వెనక ఎవరో నిలబడ్డట్టుంటుంది. ఉప్పు వేయబోయి ఆగి, తిరిగి చూస్తాను.

అదిగో, మెట్ల దగ్గర నీ కూతురు ఎవరితోనో మాట్లాడుతోంది.

మొన్న అడిగింది, "కొనేముందు అమ్మ నిన్ను అడగలేదా పిన్నీ?" అని. తర్వాత చెబుతానన్నాను. ఇవాళ దారిలో మళ్ళీ అడుగుతుంది. అడగలేదమ్మా, రిజిస్ట్రేషను అయ్యాకే నాకు చెప్పింది అంటాను. టైలరమ్మని కూడా ఆ మాట ఎత్తొద్దని బతిమాలుకున్నాను. తల్లి లేని పిల్లకి పిన్ని కూడా లేకుండా పోకూడదు కదా అని ఆవిడతో అన్నాను. బాగుంది కదా ఆ మాట? ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అదేం కాదక్కా. ఆ పిల్ల నాకు కావాలి. అప్పుడు వంటిల్లు కావాల్సొచ్చినట్టే.