శనివారం తుంచిన కంకులు

"స్వరూపా! ఓ స్వరూపా! ఆ కుండీ యాడికి తీస్కపోతున్నవే?"

ఇన్నవా అస్లాం భాయ్, మా అమ్మ గొంతు? గల్లీ అంత లేపుతది ఇగ. నువ్వు ఎనకకు చూడకు. పోనియ్. బర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టు, మావే, జరుగుతయి. పోనియ్ భాయ్, దండం పెడత!

యాడికంటే? ఏమో. ముందుగాల్ల గౌలిపుర దాటు. తర్వాత చెప్త. శాలిబండ దిక్కు పో... ఎటన్న పో.

అద్దంల గట్ల చూస్తవేంది? ఇల్లిడిసి పోతలే. పూలకుండీ ఒళ్లె పెట్టుకోని లేచిపోయేటోళ్లు ఉంటరా ఎవలన్న? చెట్టు భాయ్, ఉత్త చెట్టు. ఎండ తాకుతదని చున్నీ కప్పిన, గంతే.

జెర ఆహిస్తా! గుంతల దుంకిస్తే దీని నడుం ఇరుగుతది. నన్ను బడికి తోలినప్పుడు గూడ గిట్లనే దుంకిస్తుంటివి. నేను పదోది దాటి ఇంటర్ తప్పిన గని, నీ ఆటో మాత్రం మారలే.

వాసన వస్తుందా? ఆకు ముట్టుకుంటే చాలు. పుదీన లెక్క, కర్పూరం లెక్క, ఎనకనుంచి ఒక్క జెర వాన పడ్డ బండ లెక్క. తులసి గాదు, పుదీన గాదు. రెండిటికి చుట్టమంట. కాడ చూడు, గుండ్రంగ ఉండదు, నాలుగు పలకలుంటది. ఒక్క గుట్ట మీదనే పుడుతదంట భాయ్, లోకంల ఇంకేడ లేదంట. ఆ గుట్టను కంకర మిషన్లు నమిలినయి. తెచ్చిన మొక్కలు కాలేజీల పెడితే కుళ్లిపోయినయంట. ఇగ ఇది మిగిలింది. మా ఇంటి పైన బంగ్ల మీద, మా అమ్మ తులసి పక్కన. ఇంగ్లీషుల మూరెడు పేరుంది, నాకు నోరు తిరగది. నేను 'పిల్లా' అని పిలుస్త.

ఎవరు చెప్పిండ్రంటే... సారు. పురుషోత్తం సారు. చెట్ల మీద పెద్ద చదువు చదువుతడు. నిరుడు ఎరువు కోసమని మా బర్రెల పెంట అడగనీకె వచ్చిండు. పైకి చూసి తులసి గుబురు చూసిండు. "ఎవరు పెంచిండ్రు ఇది?" అన్నడు. నేను అని చెప్పిన. అబద్ధమే, అమ్మ పెంచింది. గని గట్ల అడిగితే ఎవలు మాత్రం నిజం చెప్తరు?

నవ్వకు. మీసం కదులుతుంటే అద్దంల కనిపిస్తుంది.

వారం గాకముందే ఈ కుండీ తెచ్చి నా చేతిల పెట్టిండు. ఇది జెర తేరుకున్నంక ఏమన్నడో తెలుసా? "నీ చేతిల ఏదో ఉందమ్మా స్వరూపా" అన్నడు. ఆ రోజంత ఏ పని చేసినా చెయ్యే చూసుకున్న. పేడ తీస్తుంటే గూడ చూసుకున్న భాయ్!

అమ్మా అన్నడు, అవును. అంటే ఏమైంది? చదువుకున్నోళ్లు అందర్ని గట్లనే అంటరు. ఎనక పేరు గూడ అన్నడు గద!

ఇగ ప్రతి ఐతారం వస్తడు. నేను పొద్దుగాల్నే తలకు పోసుకోని, మల్లెపూలు పెట్టుకోని, ఏం తెల్వనట్టు మెట్ల మీద కూసుంట. ఆయన నా దిక్కు చూసుడు యాడిది! కంటికి గాజుబిళ్ల ఆనిచ్చుకోని ఆకు మీద నూగు చూస్తడు. "ఎంత మెత్తగుందో" అంటడు. నా చెవులు కాలుతయి. నేను మాత్రం గా బంగ్ల మీద కూసోనే మనసుల ఎన్ని గుట్టలెక్కిన్నో! ఆయన ముందు, నేను ఎనక, మంచు, పైన ఒక చిన్న ఇల్లు, ఇంటి చుట్టు అన్ని గివే చెట్లు, అన్నిటికి నీలం పూలు...

చాయ్ దగ్గర ఆపకు! ఇప్పుడు చాయ్ ఏంది? పో పో.

ఈ వారమే కంకులు ఎల్లినయి. సన్నగ, తులసి కంకుల లెక్కనే. ఒక్కొక్క దాన్ల బియ్యపు గింజంత నీలం పువ్వు, పెదవి జాపినట్టు. ఇది పూసుడు ఆయన గూడ ఎన్నడు చూడలేదంట. నేను ఫోన్ జేస్తే సారు గొంతు వణికింది. నా మాటకు వణికింది భాయ్! ఉరికొచ్చిండు. కూసోని, లేచి, మళ్ల కూసోని, అమ్మకు దండం పెట్టిండు. అమ్మ చాయ్ పెట్టనీకె పోతే నాతోని, "విత్తనం ఒక్కటి చేతికొస్తే చాలమ్మా. కొండ మీద తోట ఉంది, ఆడికి తీస్కపోత, నేను గూడ ఆడనే ఉండిపోత. ఇగ మిమ్మల్ని తిప్పలు పెట్ట" అన్నడు.

తిప్పలంట! ఎవలకు తిప్పలు? నేనేమన్న అన్ననా?

ఇయ్యాల ఆ కొండ తోట మేడంను తోల్కొస్తుండు. కంకులకు సన్న బట్ట సంచులు తొడుగుతరంట, విత్తనం కింద రాలకుండ.

తొడగనీకె ఏమున్నయి? నిన్న శనివారం. ఐతారం తులసిని ముట్టొద్దు గదా, అందుకని అమ్మ ప్రతి శనివారం పొద్దుగాల కంకులు తుంచుతది. కంకి ఉంచితే చెట్టు ముసలిదైతది, తుంచితే గుబురుగ పెరుగుతది అంటది. తులసికి తుంచింది. అదే చేతితోని పక్క కుండీకి తుంచింది. గోటితోని టిక్కు టిక్కుమని. తీస్కపోయి దేవుని పటం ముందల పెట్టి దీపం ముట్టిచ్చింది.

అమ్మను ఏమనాలె? ఏండ్ల సంది చేతులకున్న అలవాటది.

అవి తెచ్చి పూలు కట్టే దారంతోని మళ్ల కాడలకు కట్టిన భాయ్. నవ్వకు. ఒక్కొక్కటి కట్టిన. పొద్దుగాల లేచి చూస్తే అన్ని తలలు ఏలాడేసినయి, ఉరేసుకున్నట్టు. దారం ఇప్పేసిన.

అందుకే ఎత్తుకోని ఉరికొచ్చిన. ఆయన వచ్చేవరకు ఇది ఇంట్ల ఉండొద్దు. అమ్మ ఆయనతోని మాట్లాడొద్దు. ఎందుకా? ఎందుకేంది... అమ్మకు మాట్లాడరాదు, ఒకటి చెప్పబోతె ఒకటి చెప్తది.

ఆగు, ఫోన్. ఆయననే. ఎత్తాల్నా? ఏం చెప్పను? హారన్ కొట్టకు!

హలో... ఆ సార్... యాకుత్‌పుర టేషన్ల దిగిండ్రా? ...మంచిగనే ఉంది సార్. ...వద్దొద్దు, ఇంటికి రాకుండ్రి! గల్లీ తవ్విండ్రు, మేడంకు కష్టమైతది. టేషన్ కాడనే ఉండుండ్రి, నేనే తెస్తున్న.

మంచిగనే ఉందన్న భాయ్. ఎందుకన్న గట్ల? తిప్పు, ఆటో తిప్పు. టేషన్‌కు పో. ఉరికియ్. ఉరికియ్యకు, మెల్లగ పో.

సరే, నువ్వే సారు అనుకో. నేను చెప్త. "సార్, బర్రె తిన్నది." ...అవును, బర్రె బంగ్ల మెట్లెట్ల ఎక్కుతది? "సార్, కోతులొచ్చినయి." కోతులు కంకులే తిని ఆకులిడిసి పెడతయా, ఆయన చెట్ల సారు, నమ్ముతడా? "సార్, మా అమ్మకు తెల్వక తుంచింది." ఇది మంచిగుంది గద? ఇది నిజమే గద? మరి నీ మొఖం గట్ల పెట్టినవేంది? ఏమన్న అను భాయ్! పొద్దంత సవారీలతోని లొల్లి పెట్టుకుంటవు, నా కాడనే నోరు మూసుకుంటవు.

అయ్యో! ఆపు. ఆపు భాయ్, పక్కకు ఆపు.

ఇగో, ఇక్కడ. ఈ ఆకు కింద. ఒకటి ఉంది. కిందికొమ్మకు, గోడ దిక్కుండె గదా, అమ్మకు కనిపియ్యలే. నాకు గూడ కనిపియ్యలే. నిలబడే ఉంది భాయ్, పువ్వు గూడ ఉంది. చూడు ఎట్ల నోరు తెరిచిందో!

మరి ఖుషీ గావాలె గదా నేను?

చూడు నా బొటనేలు యాడుందో. గోరు ఆనిచ్చిన. టిక్కుమంటే అయిపాయె. నువ్వు తప్ప చూసేటోళ్లు లేరు. ఇది లేకుంటే విత్తనం లేదు, విత్తనం లేకుంటే కొండ లేదు, మళ్ల పూసేదాక ఐతారాలన్ని నావే. సారు వస్తడు, కూసుంటడు, ఆకు చూస్తడు. నేను ఆయనను చూస్త. గంతే భాయ్, ఇంకేం అడుగుతలే.

మళ్ల ఎన్నడు పూస్తదో ఆయనకే తెల్వదు. అసలు పూస్తదో లేదో.

తీసిన. చెయ్యి తీసిన, చూడు. నా చెయ్యి నువ్వు పట్టుకో భాయ్, లేకుంటే మళ్ల పోతది. వద్దులే, నువ్వు బండి నడుపు. నేనే చెయ్యి కిందేసి కూసుంట.

టేషన్ అప్పుడే వచ్చిందా? అదిగో, మెట్ల కాడ సారు. పక్కన తెల్ల చీర మేడం. నవ్వుతుండు భాయ్! ఇటు చూసి ఎంత ముద్దుగ నవ్వుతుండో. నా దిక్కా... నా ఒళ్లె ఉన్నదాని దిక్కా? నాకు తెలుసు. ఊకె అడిగిన.

ఇంజన్ బంద్ చెయ్. నువ్వు పోకు. నువ్వుంటే నోరొస్తది నాకు.

సార్, ఆగుండ్రి. ఇది ముట్టకముందు ఒక మాట ఇనుండ్రి. మేడం, మీరు గూడ. ఒక్కటే మిగిలింది సార్. తక్కినయన్ని అమ్మ తుంచింది... అమ్మనే తుంచింది, గని కంకి పట్టుకోని నన్ను అడిగింది. "ఇవి గూడ తీసెయ్యాల్నా బిడ్డా?" అని. నేను ఆడనే నిలబడ్డ. నాకు అన్ని తెలుసు, మీరే చెప్పిండ్రు. అమ్మకేం తెల్వదు సార్.

విత్తనం వస్తే మీరు ఇగ రారని... "తియ్యమ్మ" అన్న.