మా నిస్సీ మొకమ్మీద మంగు

షట్టరు దించకు హరిబాబూ. నిన్ను తిట్టడానికి రాలేదు నాను. మొన్న మా అల్లుడు సంజయ్ నీ మందుల షాపుకొచ్చి, పదిమంది ముందర అన్న మాటలు సాలు. మందులమ్ముతన్నావా, ఆడపిల్లల మొకాలు కాలుత్తన్నావా అన్నాడట కదా. కాశీబుగ్గంతా తెలిసిపోనాది. నువ్వు ఒక్క మాటా తిరిగి అనలేదట. ఎందుకనలేదు బాబూ?

ఈ బల్లమీద కూకుంటాను. పొద్దుట్నుంచి జీడిపిక్కలు వొలిసొలిసి నడుం పట్టీసింది.

మా అమ్మాయి నిస్సీకి ఆ మచ్చలెలగొచ్చేయో నీకు తెల్దు కదా. పాప కడుపులో ఉండగానే రెండు బుగ్గలమీదా మచ్చలు లేసేయి. పురుడయ్యాక పోతాయిలే అన్నారు. పోలేదు. అక్కుపల్లిలో అత్తోరిల్లు, ఇసకమీద ఎండు సేపలు ఆరబెట్టడం, తిరగెయ్యడం. ఎండకి ఇంకా ముదిరిపోనాయి.

ఇంకో ఊర్లో అయితే మచ్చంటే మచ్చే. మన ఉద్దానంలో మొకం నల్లబడితే కిడ్నీ జబ్బే అనుకుంటారని నీకు సెప్పాలా? పైగా దాని నాన్న జెకర్యా కిడ్నీ జబ్బుతో ఎలగ పోయేడో అందరూ సూసినోలే. ఆఖరి రోజుల్లో ఆ మనిషి మొకమూ నల్లబడిపోనాది. సర్చిలో ముందు నిలబడి పాటలు పాడే పిల్ల, ఎనక బెంచీకి ఎల్లిపోనాది. అక్కడ కూడా ఒకావిడ పక్కన సేరి, రగతం టెస్టు సేయించేరా అమ్మా అందట. ఆ ఆదివారం నుంచి సర్చికే మానీసింది.

టెస్టు సేయిద్దాం అత్తా అని సంజయ్ అన్నాడు. మచ్చలకి టెస్టులేటి నాయినా అని నానే ఆపీసేను. ఆపీసి, నీ కాడికొచ్చేను.

నువ్విచ్చిన ట్యూబు రాసిన పది రోజులకే మొకం తేటపడిపోనాది. ఈస్టరు రోజున ముందు వరసలో నిలబడి పాడింది. నాను కొంగడ్డం పెట్టుకుని ఏడిసేను. మచ్చ పోతే జబ్బు కూడా పోయినట్టే అనిపించింది, అదేం బుద్దో.

రాయడం మానీసిన వారానికి మచ్చలు మళ్ళీ వచ్చీసేయి, ముందుకన్నా నల్లగా. మళ్ళీ రాసింది. అలగ ఐదు నెలలు. ఆ తరవాత బుగ్గలు ఎర్రగా అయిపోయి, సన్నటి నరాలు పైకి తేలీసేయి. గెడ్డమ్మీద నూగు మొలిసింది. గంజి వార్సితే ఆ ఆవిరికి తట్టుకోలేకపోయేది. పాప సరదాగా బుగ్గమీద సెయ్యేత్తే, మొకం పక్కకి తిప్పీసుకునేది.

అప్పుడింక సంజయ్ నా మాట వినలేదు. టెక్కలిలో సర్మం డాక్టరమ్మ కాడికి తీసుకెల్లేడు. నానూ ఎల్లేను. ఆవిడ ట్యూబు సూసి, ఇది స్టెరాయిడు, ఇన్నాళ్ళు మొకానికి రాత్తారా అంది. తోలు పలసబడిపోనాదట. అసలు మచ్చలేటంటే మంగేనట. కడుపుతో ఉన్నప్పుడు కొంతమందికి వత్తాదట, ఎండ తగిలితే ముదురుతాదట. గొడుగెయ్యమంది, బయటికెల్లినపుడల్లా ఎండ తగలకుండా ఒక క్రీము రాసుకోమంది. ముందు తోలు నెమ్మదించాలి, మచ్చల మందు తరవాత అంది. నెలలు పడతాది, పూర్తిగా పోతాయని మాటివ్వలేనంది. మీ భయం మీకుంటాది కదా అని రగతం టెస్టు కూడా రాసింది.

బాగున్నాది హరిబాబూ. కిడ్నీకి ఏటీ లేదు.

అంతా అయ్యాక ఆవిడ అడిగింది, ఈ ట్యూబు ఎవరిచ్చేరని. సంజయ్ నాకేసి సూసేడు. మందుల షాపు హరిబాబిచ్చేడు, ఎన్నాళ్ళయినా రాయొచ్చన్నాడు అని సెప్పీసేను.

అదీ, ఆ మాట కోసమే వచ్చేనివాళ. డాక్టరు రాసిన మందుల సీటీ ఏదని నువ్వు అడిగేవు. ఇంటికాడ మర్సిపోయేనని నానే అబద్దమాడేను. ఏడు రోజులే పిన్నీ, ఆ పైన రాయొద్దని రెండు సార్లు సెప్పేవు. అట్టపెట్టె మీద పెన్నుతో రాసి కూడా ఇచ్చేవు. ఆ అట్ట నాను దారిలోనే సింపీసేను. మళ్ళీ నీ కాడికొత్తే అడుగుతావని, తరవాత ట్యూబులన్నీ పలాస స్టేషను కాడ వేరే షాపుల్లో కొన్నాను.

సంజయ్ కి ఈ నిజం సెప్పేను. వచ్చి నీతో మాటాడతానన్నాడు. వత్తాడో రాడో, మగోడికి సిగ్గు.

నిస్సీకి నిన్న సెప్పేను. పాపకి తల దువ్వుతంది. దువ్వడం ఆపలేదు. "అమ్మా, నాన్న జబ్బే నాకొచ్చిందని నువ్వు నిజంగా అనుకున్నావా?" అంది. అనుకున్నానే అన్నాను.

"అలగనుకుని, ఆసుపత్రికి తీసుకెల్లకుండా మొకానికి క్రీము రాసేవా?" అంది.

దానికేటి సెప్పాలో హరిబాబూ, నీకు తెలిత్తే సెప్పు. లేపోతే పోనీలే, షట్టరు దించుకో.