కొండపొగలో కారు ఫిల్టరు

మార్చి నెల. మే చేమ్ అనే ఊరి చుట్టూ కొండలన్నీ పొగలో ఉన్నాయి. తల్లిని చియాంగ్ మాయ్ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి టౌన్ నుంచి పొద్దున్నే వచ్చిన బువా, ఇంటిముందు కారు ముందుసీటు దగ్గర తల దూర్చి ఉంది. ఆమె తమ్ముడు ఇన్, టార్చి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"టార్చి ఇటు కొట్టరా. నా చెవిలో ఏముందో తర్వాత చూద్దువుగాని."

"ఇటంటే ఎటక్కా?"

"సీటు ముందున్న ఈ గ్లవ్ బాక్సు వైపు. లోపలి సామానంతా తీసేశాగా, ఇక దీన్ని కిందికి దించాలి."

"టౌన్లోనే మార్పించుకుని రావొచ్చుగా."

"వెళ్లా. ఊరంతా ఒకేసారి దగ్గేసరికి, కార్లోకొచ్చే గాలికి ఫిల్టరనేది ఉంటుందని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మెకానిక్ వారం ఆగి రమ్మన్నాడు. అమ్మని వారం పాటు ఊపిరి బిగబట్టుకోమందామా?"

"అలా కాదులే..."

"ఫిల్టరు మాత్రం చేతిలో పెట్టాడు. ఏమీ తెలియనివాళ్లు కూడా బిగించేస్తారన్నాడు. అందుకే నిన్ను పిలిచాను."

"సరే, ఏం చెయ్యమంటావ్?"

"ఆ డబ్బా రెండు చెంపలూ లోపలికి నొక్కు. మెల్లిగా. అది నీ గేదె కాదు."

"విరిగితే?"

"విరిగితే నీ ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాం. నొక్కు."

"జారింది."

"చూశావా, నీక్కూడా వచ్చింది. వెనకాల పొడుగ్గా మూత కనిపిస్తోందా? అటూ ఇటూ కొక్కేలుంటాయి, వదిలించు. ఆగు, నీ వేళ్లేమిటి?"

"ఏమైంది?"

"అన్నీ బొబ్బలు. ఒక కనుబొమ్మే ఉంది. రెండోది ఎక్కడ పారేశావ్?"

"పొయ్యి దగ్గర. అన్నం ఉడికిస్తుంటే."

"నువ్వు. అన్నం. ఉడికించావు."

"అమ్మకి బాగాలేదు కదక్కా."

"ముప్ఫై ఎనిమిదేళ్లకి పొయ్యి ఎక్కడుందో కనిపెట్టావన్నమాట. సరే, మూత లాగు."

"వచ్చింది. ఇదేంటి, నల్ల దుప్పటా?"

"అదే ఫిల్టరు. నిలువుగా తియ్యకు, బూడిదంతా నా మొహాన పడుతుంది. పడింది. చాలా సంతోషం."

"చెప్పాల్సింది ముందు."

"వారం వారం అమ్మ కోసం ఈ కొండెక్కుతున్నా కదా, పంటంతా నా కారే కోసుకొచ్చింది. ఇదిగో, కాలిన మొక్కజొన్న ఆకు. ఇదిగో ఇంకోటి. పేర్లు రాసుంటే ఎవరి చేను ఆకు వాళ్లకిచ్చేదాన్ని."

"కొత్తది పెట్టెయ్, ఆలస్యమవుతోంది."

"పెడుతున్నా. అంచు మీద బాణం గుర్తుంటుంది, అది గాలి పోయేవైపు ఉండాలి. ఇందులో పైనుంచి కిందికి. పెట్టేశాను."

"అక్కా, బాణం పైకి చూస్తోంది."

"చూడనీ."

"కిందికి చూడాలని నువ్వేగా అన్నావ్."

"నీకు కళ్లున్నాయో లేదోనని పెట్టాలే. ఉండు, తిప్పుతా. ఇందాక వస్తుంటే దారిలో ఊరిపెద్ద ఎదురొచ్చాడు."

"ఏమన్నాడు?"

"బాగున్నావా అన్నాడు. టార్చి ఎందుకు పక్కకి తిప్పావ్?"

"చెయ్యి లాగుతోంది."

"మన వాలుచేనుకి మొన్న అగ్గి పెట్టారట. అది అడవిలోకి పాకిందట. ఎవరు పెట్టారని ఊరందర్నీ పిలిచి అడిగితే నా తమ్ముడు చెయ్యెత్తాడట. బళ్లో ఒక్కనాడూ ఎత్తని చెయ్యి."

"నేనే పెట్టా."

"ఎందుకు?"

"చొప్పంతా అలాగే పడుంది. ట్రాక్టరు ఆ వాలు ఎక్కదు. ఏటా తగలబెట్టేదేగా."

"ఈ రెండు నెలలూ అగ్గి పెట్టొద్దని రోజూ మైకులో అరుస్తుంటే పాటనుకున్నావా?"

"మర్చిపోయా."

"అడవి కాలితే జైలని కూడా మర్చిపోయావా? రేపు పై ఆఫీసుకి నీ పేరు పంపుతాడట. ఊపిరాడని తల్లిని ఇంట్లో పెట్టుకుని నెత్తిమీద పొగబెట్టావు. గొప్ప కొడుకువిరా."

"అవును."

"అవునంటాడు. ఎప్పుడు పెట్టావ్?"

"పొద్దున. కాదు, మధ్యాహ్నం."

"పొద్దునా, మధ్యాహ్నమా?"

"పొద్దున అనుకుని మధ్యాహ్నం పెట్టా. మూత బిగించక్కా."

"ఎటువైపు నుంచి పెట్టావ్?"

"చేను వైపు నుంచి."

"చేనుకి చేను వైపు నుంచి. అగ్గి పెట్టి పోయేవాడికి వేళ్లు కాలవు తమ్ముడూ. ఆర్పబోయినవాడికి కాలుతాయి. పక్క చేను ముయెన్‌ని కాపాడుతున్నావా? సారా తాగించాడా?"

"ముయెన్ ఊళ్లోనే లేడు. వదిలెయ్. అమ్మ మెట్లు దిగుతోంది, వదిలెయ్యక్కా."

"ఇద్దరూ కలిసి ఏం ఊడదీశారే ఇది?"

"ఏమీ లేదమ్మా, ఫిల్టరు మార్చాం. మెల్లిగా ఎక్కు. ఒరేయ్, చూస్తావేం, చెయ్యిపట్టుకో."

"వాడి చెయ్యొద్దు, పుండయింది. నేనెక్కుతా."

"తలుపెయ్యరా. అమ్మా, ఏసీ వేశాను. ఇప్పుడు మాస్కు తీసి పీల్చి చూడు."

"పీల్చా. బట్టలకొట్లో వాసనలా ఉంది."

"పొగ వాసన రావట్లేదుగా?"

"రావట్లేదు. మంచి పని చేశావు. దగ్గు కూడా ఆగినట్టుంది."

"మూడు గంటల దారి. వెనక్కి వాలి పడుకో."

"ఆసుపత్రి ఎక్కడికీ పోదు బువా. ముందు ఊరిపెద్ద ఇంటిముందు ఆపు."

"అమ్మా, ఎందుకు ఇప్పుడు... అక్కా, నువ్వు పోనియ్."

"నువ్వు ఊరుకోరా. నేను మూడు రోజులు ఊరుకుంది చాలు. బువా, వాడి పేరు కొట్టేయించి నా పేరు రాయించాలి. అగ్గి పెట్టింది నేను."