నత్తదొరలు మళ్ళీ వచ్చినప్పుడు

అధ్యక్ష స్థానంలో ఉన్న స్టూడియో మేనేజరుగారికీ, పక్కనే కూర్చున్న మన దర్శకుడిగారికీ, నాకంటే ముందే రిటైరై ఈరోజు నా కోసం ఓపిక చేసుకుని వచ్చిన పెద్దలకూ, మేకప్ గదిలోనూ వడ్రంగి షెడ్డులోనూ పనులు ఆపుకుని వచ్చిన మిత్రులకూ, ముందు వరసలో చేతులు కట్టుకుని, నేనేం చెబుతానోనని బెంగపడుతున్న మావారికీ నమస్కారం. (నవ్వులు)

మాట్లాడినవాళ్ళంతా నన్ను చాలా మెచ్చుకున్నారు. ఇందులో సగం నేను ఉద్యోగంలో ఉండగా వినిపించి ఉంటే ఇంకాస్త మంచి కుట్టుమిషను అడిగి ఉండేదాన్ని. (నవ్వులు) ఈ స్టూడియోలో రాణులకూ, పోలీసులకూ, దయ్యాలకూ బట్టలు కుట్టినా, జనం నన్ను గుర్తుపెట్టుకున్నది నత్తదొరల వల్లే కాబట్టి, వాళ్ళ సంగతే చెప్పి దిగిపోతాను.

కొత్తగా చేరినవాళ్ళకు తెలియదేమో, మన అంతరిక్ష సీరియల్ మొదలైన రోజుల్లో భూమిని ఆక్రమించడానికి వేరే గ్రహం నుంచి వచ్చిన రాక్షసులు ఈ నత్తదొరలు. ఒంటికి బూడిదరంగు రబ్బరు తొడుగు, వీపున ఇంత లావు డిప్ప, కొమ్ముల చివర కళ్ళు. వాళ్ళ నాయకుడి తొడుగులో ఉన్నది మావారే. అప్పట్లో ఇక్కడ చిన్నచిన్న వేషాలు వేసేవారు. పాదం ఎత్తకుండా నేలను తడుముతూ జరిగే ఆ నడక ఆయన కనిపెట్టిందే. దాన్ని చూసి పిల్లలు మంచాల కింద దూరారట. చివరికి హీరో ఉప్పునీళ్ళు కుమ్మరించి నత్తదొరలను కరిగించేశాడు. ఆ తర్వాత మా వీధి పిల్లలు మావారు కనబడితే చాలు, వంటింట్లోంచి ఉప్పు తెచ్చి చల్లేవారు. ఆయన తెగ మురిసిపోయేవారు. (నవ్వులు)

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు రచయితగారు నా గదికొచ్చి, "అక్కా, నత్తదొరలు మళ్ళీ వస్తున్నారు. ఒక గుడ్డు బతికిపోయిందని రాశాను" అన్నారు. నాకు సంతోషం వేసింది, వెంటనే గుబులూ పుట్టింది. అప్పటికే మావారి నడుము పాడైంది. డిప్ప సంగతి దేవుడెరుగు, నీళ్ళ బకెట్టు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఆ వేషానికి నాటకాల్లో నటించే ఒకావిడను తీసుకున్నారు. కొత్త తొడుగు పోతపోయడానికి వ్యవధి లేదు. పాతదాన్నే ఆవిడకు సరిపడేలా కత్తిరించాలి.

ఇంటికెళ్ళి చెప్పాను.

"కొత్తది చేసుకో. పాతది నాది, దాన్ని ముట్టుకోకు" అన్నారు.

"మీది కాదండీ, స్టూడియోది."

"లోపలి చెమటంతా ఎవరిది?"

(నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గానీ, నాకప్పుడు నవ్వు రాలేదు. మర్నాడు ఆ తొడుగును బల్లమీద పరిచి, కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. భుజాల దగ్గర ఆయన ఒంటి వంపు అలాగే ఉంది, ఒకటి ఎత్తుగా, ఒకటి కాస్త జారి. పడుచుతనంలో ఆయన ఎలా ఉండేవారో మా ఇంట్లో ఏ ఫోటోలోనూ అంత బాగా కనబడదు. అయినా కత్తిరించాను. అది నా పని. తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆ వారమంతా మా ఇంట్లో మాటల్లేవు.

షూటింగు రోజున ఆవిడ చాలా కష్టపడింది. కానీ నడిస్తే మాత్రం బురదలో చెప్పు పోగొట్టుకున్న మనిషిలా ఉంది. ఇక్కడే ఉందిలెండి, ఏమీ అనుకోదు. (నవ్వులు) దర్శకుడుగారు తీసి తీసి విసిగిపోయి, "నడకొద్దు, నిలబెట్టి కానిచ్చేద్దాం" అన్నారు. వెనక తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు, "నిలబడితే ఎవడు భయపడతాడయ్యా?"

మావారే. నాతో ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కి వచ్చేశారు. నా వైపు చూడకుండా సరాసరి ఆవిడ దగ్గరికెళ్ళి, "అమ్మా, ముందు నీకు ఆకలేస్తోందనుకో" అన్నారు.

"ఆకలా బాబాయ్?" అంది తొడుగులోంచి.

"ఆకలే. వీళ్ళేం భూమిని ఏలడానికి రాలేదు. అక్కడ తిండి దొరక్క వచ్చారు. మడమ ఎత్తకు. తినడానికి ఏమైనా ఉందేమోనని పాదంతో వెతుకు."

అన్నేళ్ళు ఆ రాక్షసుడికి అతుకులు వేశాను గానీ, వాడికి ఆకలేస్తోందని నాకెప్పుడూ తట్టలేదు. ఆయన ఒక చేత్తో నడుం పట్టుకుని ఆవిడ పక్కనే నడిచి చూపించారు. ఆ తర్వాత ఆవిడ నడిస్తే లైట్లవాళ్ళు కూడా వెనక్కి జరిగారు. షాటు బాగుందన్నాక ఆయన నా దగ్గరికొచ్చి, "భుజాలు బాగా కుదిర్చావు" అన్నారు. వారం తర్వాత మొదటి మాట. ఈ పూలగుత్తులను చిన్నబుచ్చుతున్నాననుకోకండి, నాకు సన్మానం ఆరోజే జరిగిపోయింది.

ఆ ఎపిసోడు వచ్చిన సాయంత్రం మా మనవరాలు మా ఇద్దరి మధ్య కూర్చుంది. పొగలోంచి నత్తదొర రాగానే కెవ్వుమని తాత ఒళ్ళో దూరి, "తాతా, అది నువ్వేనా?" అంది. ఆయన ఏమంటారోనని నేను టీవీ వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"కాదమ్మా, వేరే ఆవిడ. నాకంటే బాగా భయపెడుతోంది, చూడు" అన్నారు.

రేపు నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి ఇందాక నా దగ్గరికొచ్చి, "మీరు కుట్టినవి మార్చాల్సొస్తే ఫోను చేసి అడగనా?" అంది. అడగక్కర్లేదు తల్లీ, మార్చెయ్. మార్చాక మాత్రం ఒకసారి పిలిచి చూపించు. బాగుంటే బాగుందని చెప్పే భాగ్యం నాకూ దక్కనీ.

నా చేతి పనిని ఒంటిమీద మోసినవాళ్ళందరికీ, ఇంతసేపు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.