బుచ్చిరాములు పాస్ చేయించిన ఇంజనీర్లు

అమ్మలారా, అయ్యలారా, ఎండల షెడ్లు బంద్ పెట్టుకొని నాచారం నుంచి ఉప్పల్ దాకా వచ్చిన్రు. మన లేత్ మిషన్ బుచ్చిరాములు పోయి పదకొండు దినాలాయె. ఆయన బతికుండంగ ఇంతమంది ఒక్కసారి ఇంటికొస్తే, గిలాసలు సాలక సారలమ్మ మొగనితో పాటు మనందర్ని బయటికి పంపుతుండె.

సారలమ్మా, జర నవ్వితే తప్పు లేదమ్మా.

నేను నాలుగో తరగతి కాడ బడి ఇడిసినోన్ని. మీ షెడ్ల ముందట ముప్పై ఏండ్లు చాయ్ అమ్మిన. సదువు గురించి ఈ చాయ్ తాతకేం తెలుసంటరా? తెల్వదు. బుచ్చిరాములు గురించి తెలుసు.

ఏడో తరగతి ఫెయిలైండు. కానీ బీటెక్ ఎన్నిసార్లు పాసైండో మీకెరుకనా? ఎండకాలం రాంగనే కాలేజీ పోరగాళ్లు బైకుల మీద దిగుతుండిరి. ‘అంకుల్, ప్రాజెక్టు చేసియ్యి’ అని. వాళ్ల డ్రాయింగ్ సూసి ‘గిది తిరగదు బిడ్డా, ఇరుగుతది’ అంటుండె. సక్కగ చేసి ఇస్తుండె. మార్కులు వాళ్లకు. ఈయనకు ఒక చాయ్, అది గూడ నేనే తాపిన.

ఆయన బిడ్డ త్రివేణి గూడ బీటెక్‌ల చేరింది, ఆమె ప్రాజెక్టు వంతు వచ్చింది. చేసిచ్చిండా? చెయ్యలే. మిషన్ ముందట నిలబెట్టి ‘నువ్వే చెయ్యి’ అన్నడు. నెల దినాలు చేతులు కమిలిపోంగ చేసింది పిల్ల. మార్కులు ఎవరికి ఎక్కువొచ్చినయ్? ఆమె క్లాసోళ్లకు, ఈయనతోని చేయించుకపోయినోళ్లకు. ‘నీ బిడ్డను నువ్వే ఓడగొట్టినవ్ పో’ అని నవ్విన. ఆయన నవ్వలే. ఎందుకన్ననో ఆ మాట.

ఆ సదువు కోసం ఏం అమ్మిండు? లేత్ మిషనే అమ్మిండు. మొదటేడు ఫీజు ఒక తీరు, మూడో యేడు ఇంకో తీరు. కొన్నది గీ ముందట కూసున్న షెడ్డు ఓనర్, మన నరేందరే. తెల్లారి నుంచి అదే మిషన్ మీద బుచ్చిరాములు జీతానికి నిలబడ్డడు. ‘బిడ్డకు పని నువ్వే నేర్పినవ్ గదా, సదువుకు గింత ఖర్చు ఎందుకురా’ అని బుచ్చిరాములును అడిగిన. ‘మామా, పని నాకూ వచ్చు. ఇన్నేండ్లల నన్ను కుర్సీల కూసోమన్నోడు ఒక్కడున్నడా?’ అన్నడు.  మీరు చెప్పున్రి, ఉన్నడా?

పిల్ల పాసైంది. ఫీజు ఇంకా బాకీ ఉన్నదని సర్టిఫికెట్లు కాలేజోళ్ల బీరువలనే ఉన్నయ్. తండ్రి తొమ్మిదిసార్లు ఘట్‌కేసర్‌ల ఉన్న ఆ కాలేజీకి పోయిండు. తొమ్మిదిసార్లు గేటు కాడ నిలబెట్టిన్రు. పదోసారి పోతానని అంగీ ఇస్త్రీ చేయించుకున్నడు. ఆ అంగీ తొడిగే సాగనంపినం.

పోయిన నెల త్రివేణి పని అడిగితే ‘సర్టిఫికెట్ తెచ్చుకో’ అన్నవంట, నరేందర్. నీ షెడ్ల ఇద్దరు ఇంజనీర్లున్నరు. వాళ్ల ప్రాజెక్టులు ఎవరు చేసిన్రో నాకెరుక, నీకూ ఎరుకే. వాళ్ల కాయితం సూసి కొలువిస్తివి. ఈ పిల్ల పని సూసి ఇయ్యలేవా?

తల దించకు నరేందర్ బిడ్డా. తిడ్తలేను, అడుగుతున్న.

అందరు లేవున్రి. కుర్సీలు సప్పుడు కాకుంట లేవున్రి. బుచ్చిరాములు కోసం రెండు నిమిషాలు ఎవ్వరు మాట్లాడొద్దు. రెండు నిమిషాలైనంక నేను గూడ మాట్లాడ. నరేందర్ మాట్లాడతడు.