జవాబు అక్కర్లేని ప్రశ్నలు

ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్లను అడిగే ప్రశ్నలను మన మాటల్లోకి తేవడం చిట్టి ఉద్యోగం. ఏ ప్రశ్ననైనా ముందు ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించి చూడటం ఆవిడ అలవాటు. ఈసారి బట్టలు మడతపెడుతున్న వదిన దొరికింది.

"...అది కాదు వదినా. నీ సంగతి నాకొద్దు. ప్రశ్న అర్థమైందో లేదో చెప్పు, చాలు."

"అర్థం కాకేం? 'ఈ మధ్య దిగులుగా ఉంటోందా?' అన్నావు."

"పరాయి దేశంలో రాసినవి ఇవి. వాళ్ల మాట ఉన్నదున్నట్టు పెడితే మనవాళ్లు తెల్లమొహం వేశారు. దిగులు అన్న మాట బాగుందా మరి?"

"దిగులని ఎవరంటారు చిట్టీ? గుండెల మీద బండ పెట్టినట్టుంది అంటారు."

"అబ్బ! ఉండు, రాసుకోనీ. ఎవరన్నారు?"

"ఎవరో... తర్వాతది అడుగు."

"'ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా?'"

"ఇష్టమైన పనులా? ఇది ఆడవాళ్లను కూడా అడుగుతారా?"

"నవ్వించకు వదినా! సరిగ్గా చెప్పు."

"ఆసక్తి లేకపోయినా అన్నం ఉడుకుతుందిగా. పాపకి జడ వెయ్యడం మీ అన్నయ్యకి నేర్పించాను. ఇవాళ తనే వేశాడు, వంకరటింకరగా."

"అన్నయ్య వేశాడా! ఏం, నీ చేతులకేమైంది?"

"నేర్చుకోనీ, పనికొస్తుంది. ఇంకా ఉన్నాయా?"

"'నిద్ర సరిగ్గా పడుతోందా?'"

"మొన్నటిదాకా లేదు. ఒకటి అనుకున్నాక హాయిగా పడుతోంది."

"మళ్లీ నీ సంగతే! ప్రశ్న తేలిగ్గా ఉందా, లేదా?"

"తేలిగ్గానే ఉంది. ఇంతేనా?"

"అంతే. నీ పుణ్యమా అని గట్టెక్కాను. అదేంటి, నీ నీలం చీర నా సంచిలో పెడుతున్నావ్?"

"నీకు ఇష్టం కదా, కట్టుకో. చిట్టీ... చివర్లో ఇంకోటి ఉండాలిగా? ఆ రోజు ఫోన్లో ఎవరికో చదివి వినిపించావు."

"ఓ, అదా! చచ్చిపోవాలనిపిస్తోందా అని. తీసేశాం."

"తీసేశారా? ఎందుకు?"

"సంసారం చేసుకునేవాళ్లని అలా అడిగితే చీపురు తిరగేస్తారు వదినా! వద్దంటే వద్దని నేనే పట్టుబట్టాను."

"నువ్వేనా?"

"నేనే. అయినా అలాంటిదానికి నిజం ఎవరు చెప్తారు?"

"నేను చెప్పేదాన్ని. అది అడుగుతావనే ఇంతసేపూ కూర్చున్నాను."