కేశవులు తులాభారం

ఏ ఫోటోప్పా? ఇట్ల తే, అద్దాలు పెట్టుకోనీ. ఆఁ, ఈ తక్కెట్లో కూర్చోని దండం పెడ్తాండేది కేశవులు. మన ఎదురింటి బెల్లమంగడి కేశవులు. పక్కన మైకు పట్టుకోని ఇంత నోరు తెరిచినోడు మీ తాతే. నవ్వుతావేంది? అప్పుడు బేతంచెర్లలో వాసవమ్మ గుడికాడ ఏం జరిగినా మైకు నా చేతికే ఇస్తాండ్రి. నలుగురు కూర్చుంటే చాలు, నాకు మాట అదే వస్తాండె, అంతా అమ్మవారి దయ. కూర్చో, చెప్తా.

రెండువేల ఒకటిలో ఆయప్పకు ఆయాసం పట్టుకునింది. నాపరాళ్ళ దుమ్ము అనుకుంటిమి, ఈ ఊర్లో ఎవరు దగ్గినా ఆ దుమ్ము మీదికే తోస్తాము గదా. కాళ్ళు కూడా వాచినాక కర్నూలుకు పిల్చుకపోతిమి. డాక్టరమ్మ గుండెకు ఎకో తీసి, "గుండె రక్తం తోసే బలం అరవై దాకా ఉండాలి, ఈయనకు ఇరవై ఐదే ఉంది" అనె. ఆయప్ప పెండ్లాము రాజ్యలక్ష్మమ్మ ఆడనే గోడకానుకోని కూలబడె. నన్ను అన్నా అంటాదిలే ఆయమ్మ, తోడబుట్టిన దాని మాదిరి. డాక్టరమ్మ మంచిది. "ఏడవొద్దమ్మా, చెప్పినట్లు చేస్తే ఈ గుండె మళ్ళీ పుంజుకుంటుంది" అని, ఉప్పు తగ్గించమనె, నీళ్ళు కొలిచి తాగమనె, మాత్ర ఒక్క పూట తప్పకూడదనె. ఇంకోటి, దినామూ పొద్దున్నే బరువు చూసుకోవాలంట. "మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో నీళ్ళు నిలిచినట్లు. ఆ రోజే రావాలి" అనె. నేనూ ఆడనే నిలబడి ఇన్నా. ఈ చెవుల్తో ఇన్నా.

కేశవులు తూచా తప్పలేదప్పా. బెల్లం తూచే కాటా ఉండాది గదా, పొద్దున అంగడి తెరుస్తానే దానిమీదికెక్కి, వీధి ఇవతల నా అంగట్లో నాకు ఇనపడేటట్ల "బావా, అరవై ఒకటి" అని కేకేస్తాండె. "పాకం బెల్లమా, గానుగ బెల్లమా?" అంటాంటి నేను. రాజ్యలక్ష్మమ్మ ఊరగాయ జాడీలన్నీ మనింటికి మోసిచ్చె, మీ అవ్వ ఏడాది పొడుగునా నంజుకునె. మొదట్లో నా అంగడి దాకా నడిచొచ్చి కూలబడేటోడు, పోనుపోను రైల్వే స్టేషను దాకా పోయి, ఒక గడియ బెంచీమీద కూర్చోని, మళ్ళా నడిచొస్తాండె. ఏడాదిన్నరకు ఎకోలో నలభై ఐదు వచ్చె. ఆ పొద్దు ఆయప్ప మొగం సూడాల నువ్వు.

రాజ్యలక్ష్మమ్మకు మొక్కు ఉండె, ఆయన బాగైతే ఆయన ఎత్తు బెల్లం అమ్మవారికిస్తానని. దసరాకు తీర్చాలని ముహూర్తం పెట్టింది నేనే. తొమ్మిది దినాలు మొగుడూ పెండ్లాలు పీటలమీద కూర్చోవాల, దశమి నాడు తులాభారం. ఇప్పుడు చెప్పేది దాటేస్తే అమ్మవారు సూస్తాండాది నాయనా, దాటెయ్యను. నీళ్ళు దిగేదానికి ఆయప్పకు ఒక మాత్ర ఉండె. అది మింగితే గడిగడికీ ఒంటికి లేసిపోవాల. "మడితో పీటలమీద కూర్చున్నోడివి, మాటిమాటికీ లేసిపోతే ఎట్లప్పా? ఆ ఒక్క మాత్రా పండగైనాక మింగు" అన్నది నేనే. పులిహోర దొన్నె చేతిలో పెడితే ఆయప్ప నా పక్క సూసె. "అమ్మవారి ప్రసాదంలో ఉప్పు ఎవడన్నా సూస్తాడా?" అన్నదీ నేనే. తొమ్మిది దినాలూ తినె పాపం, కండ్లకద్దుకోని.

నవమి పొద్దున కేక ఇనపడలే. తానే వీధి దాటి వచ్చె, మెల్లగా. గొంతు తగ్గించి, "బావా, మూడు దినాల్లో మూడున్నర కేజీ పెరిగినా. డాక్టరమ్మ చెప్పింది ఇదే గదా. ఈ పొద్దు రైలుకు కర్నూలు పోయొస్తా" అనె. నేనేమన్నానో తెలుసునా? "రేపు ఊరంతా వస్తాండాది. పీటల మీద నుంచి లేసిపోతే అపశకునం. ఒళ్ళు చేసినావు, అమ్మ ఇచ్చిన బరువది. తులాభారం కానీ, నేనే పిల్చుకపోతా." ఆయప్ప వాకిలి తలుపు పట్టుకోని, "సరే బావా" అని పాయె.

దశమి నాడు తెచ్చిన బెల్లం చాల్లేదు. అంగడికి పోయి ఇంకా తెచ్చి పెడితే గాని తక్కెడ లేవలే. నేను మైకులో, "సూడండి, మన కేశవులుకు అమ్మవారు ఎంత ఒళ్ళిచ్చిందో" అన్నా. జనం చప్పట్లు కొట్రి. నీళ్ళప్పా. అదంతా నీళ్ళు.

సాయంత్రానికి చెప్పులు కాళ్ళకు పట్టలే. పడుకుంటే ఊపిరాడక గోడకానుకోని కూర్చునె. జీపులో తీస్కపోతిమి. డాక్టరమ్మ అనె, "నిన్ననే వచ్చింటే ఒక ఇంజెక్షన్‌తో పోయేదయ్యా" అని. బతికినాడులే. ఎకో తీస్తే మళ్ళా ఇరవై. ఆ పైన ఎంత నడిచినా, ఎంత చప్పిడి తిన్నా పెరగలే. తొమ్మిది నెలలు బతికె. నా అంగడి దాకా కూడా రాలేకపాయె. నేనే పోతాంటి. ఒక దినము కాళ్ళు పట్టుకోబోతే, "ఊరుకో బావా, లోపల నీ చెల్లెలు ఇంటాది" అనె, అంతే.

పదోనాడు కర్మ అయినాక రాజ్యలక్ష్మమ్మ నా దగ్గర కూర్చోని అడిగె. "అన్నా, ఒంట్లో నీళ్ళు చేరింది ఆయప్పకు తెలీకుండా ఉంటాదా? నాకు మాటమాత్రం చెప్పలే. నీతో ఏమన్నా అన్నాడా?"

"లేదమ్మా" అన్నా.

ఇన్నేండ్లలో మూడు నాలుగుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా అదే మాట. నిన్నగాక మొన్న కూడా. దేవునిముందు దీపం పెడ్తాను గదా దినామూ, ఆ దీపం పక్క సూసి ఈ పొద్దు చెప్తా, ఈ పొద్దు చెప్తా అనుకుంటా. ఆయమ్మకు ఉండేది నేనొక్కణ్నే అన్న అని...

గేటు చప్పుడైతాండాది, సూడు.

రామ్మా రాజ్యలక్ష్మీ, రా. కూర్చో. వీడు మా పాప కొడుకు, కర్నూల్లో సదువుకుంటాండాడు. ఏం లేదు, ఊరికే వానల సంగతి మాట్లాడుకుంటాండాము.